‘మీ ఇష్టం’ అనడానికి ‘వాటెవర్’ అనకండి

‘వాటెవర్’ అంటే ‘ఏదైనా’ అని చదువుకున్నాం కనుక, ‘భోజనానికి ఎక్కడికి వెళ్దాం?’ అని సహోద్యోగి సందేశం పంపినప్పుడు మనలో చాలామంది ‘మీ ఇష్టం’ అనే మర్యాదతోనే ఆ ఒక్క మాటను జవాబుగా రాసేస్తారు. వాడుక ఇంగ్లీషులో అది ఒంటరిగా వచ్చినప్పుడు ‘ఏదైతే నాకేంటి, ఇక వదిలెయ్’ అన్న విసుగే ధ్వనిస్తుంది. మంచి మనసుతో అన్న మాట ఇలా అపార్థం కావడం నిజంగా బాధాకరం. దానికి బదులు ‘ఎనీవేర్ ఈజ్ ఫైన్ విత్ మీ’ అని రాయండి. మీరు చెప్పదలచుకున్నది సరిగ్గా అదే.

‘ఇఫ్’ నుంచి పుట్టిన ‘ఇఫీ’ మాత్రం తప్పక నేర్చుకోదగినది. పాలు విరగకపోయినా వాసన తేడాగా ఉన్నప్పుడు, అద్దె ఒప్పందంలో ఏదో మెలిక ఉందనిపించినప్పుడు కలిగే అనుమానమంతా ఈ చిన్న మాటలో ఇమిడిపోతుంది. 2008లో కాలిన్స్ ఇంగ్లీషు నిఘంటువు కొత్తగా చేర్చుకోవడానికి ఎంపిక చేసుకున్న ‘మెహ్’ అనే మాటకు మన ‘ఆఁ, ఏదో ఉందిలే’ సరిపోతుంది. ఎవరైనా ప్రేమగా వండిపెట్టిన వంట గురించి మాత్రం ఆ మాట అనకండి.