బటన్ చాకు మొరాయించినప్పుడు: లక్షణం, కారణం, పరిష్కారం, ఆపైనే బ్రాండ్ ఎంపిక

అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాల చీనీ (బత్తాయి) తోటల్లో పనిచేసేవారికి చాకుతో రోజంతా అవసరం ఉంటుంది. డ్రిప్ లేటరల్ పైపు కోయాలన్నా, ఎరువుల సంచి కుట్టు తెంచాలన్నా, చీనీ చెట్టు మొదట్లో వచ్చే నీటికొమ్మలు తీయాలన్నా అదే చేతిలోకి వస్తుంది. ఒక చేత్తో పైపు పట్టుకొని మరో చేత్తో చాకు తెరవవలసి వస్తుంది గనుక, బటన్ నొక్కగానే స్ప్రింగు బలంతో తెరుచుకునే ఆటోమేటిక్ చాకుపై చాలామందికి మక్కువ కలుగుతుంది. అలాంటివారు మొదట అడిగే ప్రశ్న ‘ఏ బ్రాండ్ మంచిది’ అని. మన నేలలో, మన పనిలో ఏ చాకు ఎక్కడ చెడుతుందో తెలిస్తే తప్ప ఆ ప్రశ్నకు సరైన సమాధానం దొరకదని నా అభిప్రాయం. అందుకే ఈ వ్యాసాన్ని బ్రాండ్లతో కాక లోపాలతో మొదలుపెడుతున్నాను.

అంతకంటే ముందు చట్టం సంగతి చూసుకోవాలి. 1959 నాటి ఆయుధాల చట్టం కింద రూపొందిన నిబంధనల ప్రకారం 9 అంగుళాల కంటే పొడవైన లేదా 2 అంగుళాల కంటే వెడల్పైన బ్లేడు గల కత్తులు ఆయుధాల జాబితాలోకి వస్తాయి. ఇంటిపనికి, వ్యవసాయానికి ఉద్దేశించిన పనిముట్లకు మినహాయింపు ఉంది. అయితే బటన్ చాకుల విషయంలో ప్రభుత్వాలు ఇంకా కఠినంగా ఉండవచ్చు. ఢిల్లీలో 1980లో వచ్చిన నోటిఫికేషన్ 7.62 సెంటీమీటర్లు లేదా అంతకు మించిన పొడవు, 1.72 సెంటీమీటర్లు లేదా అంతకు మించిన వెడల్పు గల బటన్ కత్తులను సైతం నియంత్రణ కిందికి తెచ్చింది. కాబట్టి డబ్బు చెల్లించక ముందే స్థానిక పోలీస్ స్టేషన్లో అడిగి తెలుసుకోవడం, కొన్నాక కూడా దానిని తోటలోనే ఉంచి బస్సుల్లో, సంతల్లో, సభల్లో జేబులో పెట్టుకొని తిరగకపోవడం అవసరం.

లక్షణం: బటన్ నొక్కితే బ్లేడు సగం వరకే తెరుచుకుంటుంది, లేదా నీరసంగా తెరుచుకొని లాక్ పడదు

మన ప్రాంతంలో ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. స్ప్రింగు అరిగిపోయిందని, బ్రాండ్ నాసిరకమని చాలామంది వెంటనే నిర్ణయానికి వస్తారు గాని, నేను చూసినంతవరకు కారణం దుమ్ము, దానికి తోడైన నూనె. అనంతపురం ఎర్రనేలలోని సన్నని ఇసుకరేణువులు గట్టివి. అవి ఇరుసు దగ్గర బ్లేడుకు, పిడికి మధ్య చేరి రాపిడి పెంచుతాయి. కర్నూలు వైపు నల్లరేగడిది వేరే తీరు. అందులోని బంకమట్టి నూనెతో కలిసి గుజ్జులా మారి, బటన్ కదిలే రంధ్రంలో పేరుకుపోతుంది. బటన్ కింది చిన్న స్ప్రింగు దానిని పూర్తిగా పైకి నెట్టలేకపోవడం వల్ల, బ్లేడు మొత్తం తెరుచుకున్నా లాక్ పడదు.

నూనె విషయం ప్రత్యేకంగా చెప్పవలసినది. మన ఇళ్లలో చేతికి అందేది శెనగనూనె, కొబ్బరినూనె. శెనగనూనె గాలి తగిలి కొన్ని నెలల్లో జిగురుగా మారుతుంది. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల కంటే చలి పెరిగితే గడ్డకడుతుంది గనుక, డిసెంబరు తెల్లవారుజామున తోటకు వెళ్లినప్పుడు తెరుచుకోని చాకు మధ్యాహ్నం ఎండకు మామూలుగా పనిచేస్తుంది. మా బంధువు ఒకరు విదేశం నుంచి పంపిన బటన్ చాకు రెండో నెలకే మొరాయించినప్పుడు, దానిని తిరిగి పంపాలని ఇంట్లో అందరం అనుకున్నాం. శుభ్రం చేసి చూస్తే ఇరుసు చుట్టూ బంకలా పట్టిన శెనగనూనె తప్ప మరే లోపమూ కనిపించలేదు.

పరిష్కారానికి చాకును విప్పనవసరం లేదు. గోరువెచ్చని సబ్బునీటిలో బ్లేడును పదిసార్లు తెరిచి మూసి, మంచినీటితో కడిగి, ఎండలో కాక నీడలో గాలికి పూర్తిగా ఆరనివ్వాలి. ఆపైన ఇరుసుకు ఒక చుక్క, బటన్ అంచుకు ఒక చుక్క కుట్టుమిషన్ నూనె వేసి, పైకి వచ్చినదంతా గుడ్డతో తుడిచేయాలి, ఎందుకంటే మిగిలిన నూనె మళ్లీ దుమ్మును పట్టుకుంటుంది. అప్పటికీ నీరసంగా ఉంటే ఇరుసు స్క్రూ మరీ బిగుతుగా ఉందేమో చూసి, ఎనిమిదోవంతు చుట్టు మాత్రమే వదులు చేయాలి. బ్లేడు మూసి ఉన్న స్థితిలో లోపలి చుట్టల స్ప్రింగు పూర్తి బిగువుతో ఉంటుంది గనుక, ఆ స్థితిలో పిడి స్క్రూలు విప్పడం ప్రమాదం. పైగా విప్పితే వారంటీ వర్తించదనే కంపెనీలూ ఉన్నాయి.

లక్షణం: పిడి ముందు నుంచి దూసుకొచ్చే రకంలో బ్లేడు మధ్యలో ఆగి, లోపలికీ పోక, బయటికీ రాక వేలాడుతుంది

పక్కకు కాక నేరుగా ముందుకు వచ్చే ఈ రకంలో మైక్రోటెక్ వారి అల్ట్రాటెక్, బెంచ్‌మేడ్ వారి ఇన్‌ఫిడెల్ పేరున్నవి. బ్లేడు బయటికి వచ్చే దారిలో ఏదైనా అడ్డు తగిలితే, లోపల దానిని నెట్టే బండి నుంచి అది విడిపోయేలా వీటిని రూపొందించారు. ఇది విరిగిపోవడం కాదు. మందపాటి గుడ్డతో లేదా తోలు గ్లవ్‌తో బ్లేడు చదును భాగాలను మాత్రమే పట్టుకొని, క్లిక్ శబ్దం వచ్చేవరకు నిదానంగా తిన్నగా బయటికి లాగితే మళ్లీ గాడిలో పడుతుంది. చాలా మోడళ్లకు రెండు వైపులా పదును ఉంటుందని మరవకూడదు. పిడి లోపలికి దారి తెరిచే ఉండే నిర్మాణం గనుక దుమ్ము నేరుగా లోపలికి పోతుంది. తవ్వకం, కలుపు తీయడం, పైపులు పరచడం జరిగే పొలంలో ఈ రకాన్ని నేను సిఫారసు చేయను.

లక్షణం: తెరిచిన బ్లేడు పక్కలకు ఆడుతుంది

ముందుకు దూసుకొచ్చే రకంలో కొంచెం కదలిక నిర్మాణంలోనే ఉంటుంది, దానికి మందు లేదు. పక్కకు తెరుచుకునే రకంలో మాత్రం ఇరుసు స్క్రూ వదులైనందున వస్తుంది. సరైన టార్క్స్ (నక్షత్రపు మొన గల) బిట్‌తో, సాధారణంగా టి8 లేదా టి10తో, కొద్దికొద్దిగా బిగించి, ప్రతిసారీ బటన్ నొక్కి చూడాలి. చాకును సీల వంచడానికి, రాయి పెకలించడానికి వాడితే ఇరుసు రంధ్రమే సాగిపోతుంది. అప్పుడు ఎంత బిగించినా ఫలితం ఉండదు.

లక్షణం: జేబులోనే తెరుచుకుంటుంది

దీనిని అన్నిటికంటే తీవ్రంగా తీసుకోవాలి. బటన్ పిడి ఉపరితలం కంటే పైకి పొడుచుకొని ఉండటం, అదనపు సేఫ్టీ మీట లేకపోవడం, మూసినప్పుడు లాక్ పిన్ను గాడిలో పూర్తిగా దిగకపోవడం దీనికి కారణాలు. పైన చెప్పినట్టు శుభ్రం చేశాక కూడా మూసిన చాకును అరచేతిలో కొట్టినప్పుడు బ్లేడు కదిలితే, దానిని వాడకం నుంచి తీసేయాలి. ఈ లోపం ఉన్నదానిని పిల్లలున్న ఇంట్లో ఉంచడం కూడా తగదు.

లక్షణం: చీనీ, నిమ్మకాయ కోసిన మర్నాడు బ్లేడుపై నల్లని, ఎర్రని మచ్చలు

చీనీ రసంలోని సిట్రిక్ ఆమ్లం దీనికి కారణం. దాని ధాటికి ఏ ఉక్కు ఎంత నిలుస్తుందో అందులోని క్రోమియం తేలుస్తుంది. ఓపినెల్ బ్రాండ్ కార్బన్ ఉక్కు బ్లేడు మంచి పదును తీసుకుంటుంది గాని రసం తగిలిన కొద్ది నిమిషాల్లోనే నల్లబడుతుంది. డి2 ఉక్కులో సుమారు 12 శాతం క్రోమియం ఉన్నా, దానిలో ఎక్కువ భాగం కార్బైడ్లలో (కార్బన్‌తో కలిసిన గట్టి రేణువుల్లో) చిక్కుకొని ఉంటుంది గనుక అది పూర్తి స్టెయిన్‌లెస్ కాదు. 154సీఎం, సీపీఎం ఎస్30వి ఉక్కుల్లో సుమారు 14 శాతం ఉంటుంది. ప్రో-టెక్ కంపెనీ బటన్ చాకుల్లో, కెర్షా కంపెనీ లాంచ్ వరుసలో పలు చాకులకు 154 కుటుంబపు ఉక్కే వాడారు. చీనీ తోటకు ఈ 14 శాతం ఉక్కుల్లో ఏదైనా సరిపోతుంది. వచ్చిన తుప్పును సన్నని బూడిద, నూనె కలిపి గుడ్డతో రుద్ది తీయవచ్చు. పని ముగిసిన వెంటనే నీటితో కడిగి తుడిస్తే మచ్చ రాదు.

లక్షణం: పదును నిలవదు, లేదా ఎంత నూరినా పదును రాదు

ఇక్కడ రెండు వేర్వేరు కారణాలు కలగలిసి ఉంటాయి. మొదటిది రాయి. కడప, తాడిపత్రి, బేతంచెర్ల ప్రాంతాల్లో ప్రతి ఇంటి ముందూ నాపరాయి పరిచి ఉంటుంది గనుక దాని మీదనే కత్తి నూరే అలవాటు ఉంది. నాపరాయి సున్నపురాయి, దానిలోని ప్రధాన ఖనిజం కాల్సైట్ మోస్ గట్టిదనపు కొలమానంలో 3 దగ్గర ఉంటుంది, గట్టిపరచిన ఉక్కు దానికంటే ఎంతో పైన ఉంటుంది. కొడవలిని దాని మీద రుద్దితే కనిపించే మెరుపు పదును కాదు, రాయే అరుగుతుంది. వనేడియం కార్బైడ్లు ఎక్కువగా ఉన్న ఎస్30వి వంటి ఉక్కులకు మామూలు సానరాయి కూడా నెమ్మదిగానే పనిచేస్తుంది. వాటికి డైమండ్ పలక కావాలి. ఒక్కో వైపు సుమారు 20 డిగ్రీల కోణం ఉంచి, వాదర పొడవునా బరువు మార్చకుండా నూరాలి.

రెండో కారణం వీధిలో తిరిగే సాన చక్రం. వేగంగా తిరిగే పొడి చక్రం మీద పట్టినప్పుడు పలుచని అంచు క్షణాల్లో వేడెక్కుతుంది. అంచు నీలిరంగుకు తిరిగిందంటే అది దాదాపు 300 డిగ్రీలు చేరి, చాలా చాకు ఉక్కులు అక్కడ మెత్తబడినట్టే. ఆ భాగం పోయేవరకు చల్లగా నూరి తీసేస్తే తప్ప పదును నిలవదు. మంచి చాకును వీధి చక్రానికి ఇవ్వవద్దని నేను గట్టిగా చెబుతాను.

అంటు కట్టేవారు ఒక సంగతి గమనించాలి. రంగపూర్ నిమ్మ మొక్కపై చీనీ కన్ను అంటు కట్టేటప్పుడు కోత ఒకే గీతలో నునుపుగా రావాలి; అందుకు ఒకే వైపు నూరిన ప్రత్యేక అంటు కత్తి ఉంటుంది. రెండు వైపులా నూరిన బటన్ చాకుతో కన్ను అతుక్కోకపోతే, లోపం ఆ చాకు బ్రాండ్‌లో లేదు.

లక్షణం: స్ప్రింగు విరిగింది, విడిభాగం దొరకదు

అమెరికా బ్రాండ్ల స్ప్రింగు విరిగితే వారంటీ కింద మార్చే అవకాశం ఉన్నా, అనంతపురం నుంచి చాకును అక్కడికి పంపి తెప్పించుకోవడం ఆచరణలో దాదాపు అసాధ్యం.  ఈ ఒక్క కారణం వల్లనే మామూలు రైతుకు నేను స్ప్రింగు బలంతో కాక చేత్తో తెరిచే చాకునే ముందు పెడతాను. 1884లో స్విట్జర్లాండ్‌లో మొదలైన విక్టోరినాక్స్‌కు మన దేశంలో అధికారిక అమ్మకాలున్నాయి, ఉక్కు రాక్‌వెల్ అనే గట్టిదనపు కొలమానంలో సుమారు 56 ఉండి, మామూలు సానరాయికే లొంగుతుంది. ఫ్రాన్స్ వారి ఓపినెల్ చవక. దానికి 1955లో వచ్చిన, చేత్తో తిప్పే ఉంగరపు లాక్‌లో చెడిపోయే స్ప్రింగు లేదు. దాని చెక్క పిడి తడికి ఉబ్బి బ్లేడును బిగబట్టడం తెలిసిన లోపమే గాని, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురంలో అది సెప్టెంబరు వానల్లో తప్ప పెద్దగా ఎదురుకాదు.

చట్టం అనుమతించి, ఒంటిచేతి పని తప్పదనుకొని బటన్ చాకే కావాలనుకుంటే, పక్కకు తెరుచుకునే రకంలో, సేఫ్టీ మీట ఉన్న మోడల్‌ను ఎంచుకోవాలి. కొనేచోట బ్లేడును ముఖానికి దూరంగా పెట్టి ఇరవైసార్లు తెరిచి చూడాలి. ప్రతిసారీ బటన్ పూర్తిగా పైకి వస్తోందా, తెరిచాక బ్లేడు వీపు మీద బొటనవేలితో నొక్కితే లాక్ కదలకుండా నిలుస్తోందా, సేఫ్టీ వేసినప్పుడు బటన్ అసలు దిగకుండా ఉంటోందా అన్నవి పరిశీలించాలి. ఈ మూడింటిలో ఒక్కటి తప్పినా, పిడి మీద ఏ పేరు చెక్కి ఉన్నా ఆ చాకును వెనక్కి ఇచ్చేయాలి.