గేమ్ లైటింగ్‌లో ఇంటెన్సిటీ పెంచే ముందు చూడాల్సినవి

గేమ్ సీన్ బాగా లేదనిపించగానే నేర్చుకునేవాళ్లలో చాలామంది ముందుగా లైట్ ఇంటెన్సిటీ (వెలుగు తీవ్రత) పెంచుతారు. మొదటి కొన్ని నెలలు నేనూ అదే చేశాను. ఒకచోట పెంచితే ఇంకోచోట తెల్లగా బర్న్ అయ్యేది, తగ్గిస్తే మూలలు నల్లబడేవి. తీరా చూస్తే చాలాసార్లు తప్పు లైట్‌లో ఉండేది కాదు. అందుకే ఇక్కడ కంటికి కనిపించే లక్షణం దగ్గర మొదలుపెట్టి, అసలు కారణం దాకా వెళ్దాం.

లైట్ విలువ ఎంత మార్చినా తెరమీద పెద్ద తేడా లేదు

దాదాపు ఎప్పుడూ ఇది ఆటో ఎక్స్‌పోజర్ పనే. చీకట్లోకి వెళ్లినప్పుడు మన కళ్లు అలవాటుపడినట్టే గేమ్‌ను నడిపే ఇంజిన్ కూడా తెర వెలుగును తనంతట తానే సరిచేస్తుంది. మీరు లైట్ రెట్టింపు చేస్తే అది ఎక్స్‌పోజర్ తగ్గిస్తుంది. ఇద్దరూ తాడు చెరోవైపు లాగుతున్నట్టే.

అన్‌రియల్ ఇంజిన్‌లో పోస్ట్ ప్రాసెస్ వాల్యూమ్ (తెరమీది చిత్రాన్ని సరిచేసే సెట్టింగ్స్ ఉండే పెట్టె) పెట్టి, అది లెవెల్ మొత్తానికీ వర్తించేలా చేసి, ఎక్స్‌పోజర్ కనిష్ఠ, గరిష్ఠ విలువలు రెండూ ఒకటే ఇవ్వండి. మరో ఇంజిన్ యూనిటీలో, దాని హై డెఫినిషన్ రెండర్ పైప్‌లైన్ అయిన హెచ్‌డీఆర్‌పీ వాడుతుంటే ఎక్స్‌పోజర్ మోడ్‌ను ఫిక్స్‌డ్‌కు మార్చండి. పని పూర్తయ్యేదాకా ఆ లాక్ తీయొద్దు. లెవెల్‌లో ఎండా, లోపలి గదులూ రెండూ ఉంటే చివర్లో ఎక్స్‌పోజర్‌ను కొద్ది పరిధిలో మాత్రమే మారనివ్వండి. మిట్టమధ్యాహ్నపు ఎండ దాదాపు 1,00,000 లక్స్ (ఉపరితలం మీద పడే వెలుగు కొలమానం), ఆఫీసు గది 500 లక్స్ ఉంటాయి. నిండు పున్నమి వెన్నెల 1 లక్స్ కూడా ఉండదు. ఇంత తేడా ఒకే స్థిరమైన ఎక్స్‌పోజర్‌లో ఇమడదు.

లైట్ కింద తెల్లగా, పక్కనే కటిక నలుపు

లైట్‌ను వదిలేసి మెటీరియల్స్ (వస్తువుల ఉపరితలం రంగు, మెరుపు సెట్టింగ్స్) చూడండి. గోడ రంగు పూర్తి నలుపైతే దానిమీద పడిన వెలుగు తిరిగి రాదు, గదిలో బౌన్స్ ఉండదు. నిజ జీవితంలో బొగ్గు కూడా సుమారు 4 శాతం వెలుగును వెనక్కి పంపుతుంది, తాజా మంచు 80 శాతానికి పైగా పంపుతుంది. మీ రంగులన్నీ ఈ రెండింటి మధ్య ఉండాలి. సీన్‌లో 18 శాతం బూడిద రంగు బంతి ఒకటి పెట్టుకుంటే తప్పు ఎక్కడుందో త్వరగా తెలుస్తుంది. బంతి బాగానే కనిపించి గోడ మాత్రమే నల్లగా ఉంటే, తప్పు గోడ మెటీరియల్‌దే.

యూనిటీలో పాత ప్రాజెక్ట్ అయితే కలర్ స్పేస్ (రంగులను, వెలుగును లెక్కకట్టే పద్ధతి) గామాలో ఉందేమో చూసి లీనియర్‌కు మార్చండి. మార్చాక లైట్లన్నీ మళ్లీ సరిచేసుకోవాలి కాబట్టి ఈ పని మొదట్లోనే చేయడం మంచిది.

గోడ అంచుల్లో వెలుగు గీతలు, బేక్ చేశాక మరకలు

గీతలకు మొదట గోడ మందాన్ని అనుమానించాలి. మందం లేని ఒక్క ప్లేన్‌తో కట్టిన గోడ వెలుగును ఆపలేదు. అన్‌రియల్‌లో వెలుగు బౌన్స్‌ను లెక్కకట్టే లూమెన్‌కు గోడ కనీసం 10 సెంటీమీటర్లు ఉండాలి. నేల, పైకప్పు అంచులను గోడ లోపలికి కొంచెం జరపండి.

బేక్ అంటే వెలుగునీడలను ముందే లెక్కకట్టి లైట్‌మ్యాప్ అనే చిత్రంలో దాచడం. మరకలైతే చాలాసార్లు లైట్‌మ్యాప్ యూవీలు (మోడల్ ఉపరితలాన్ని చదునుగా పరిచిన ముక్కలు) ఒకదానిమీద ఒకటి పడ్డాయని అర్థం. మామూలు టెక్స్చర్‌కు యూవీ ముక్కలు ఒకచోటే ఉన్నా ఫర్వాలేదు. లైట్‌మ్యాప్‌కు మాత్రం ప్రతి ముక్కకూ విడిగా చోటుండాలి, లేకపోతే ఒక గోడ నీడ ఇంకో గోడమీద అచ్చవుతుంది. యూనిటీలో మోడల్ ఇంపోర్ట్ సెట్టింగ్స్‌లో 'జెనరేట్ లైట్‌మ్యాప్ యూవీస్' టిక్ చేయండి.

నీడలో చారలు, లేదా వస్తువు నుంచి విడిపోయిన నీడ

రెండింటికీ మూలం షాడో బయాసే, అంటే నీడ లెక్కలో ఉపరితలం నుంచి ఇచ్చే చిన్న జరుపు. తక్కువైతే చారలు, ఎక్కువైతే కుర్చీ గాల్లో తేలినట్టుంటుంది. చారలు పోయేంత వరకే పెంచి ఆపండి.

ఫ్రేమ్ రేట్ పడిపోతోంది

సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక్కో ఫ్రేముకు దొరికేది 16.6 మిల్లీసెకన్లే. మామూలు షాడో మ్యాప్ పద్ధతిలో అన్ని వైపులా వెలిగే, నీడ వేసే పాయింట్ లైట్ కోసం చుట్టూ 6 దిక్కులా నీడ లెక్కకట్టాలి, ఒకవైపే వెలిగే స్పాట్ లైట్‌కు ఒక్క దిక్కు చాలు. ఊరికే నింపడానికి పెట్టిన లైట్లకు నీడలు ఆపేసి, వాటి పరిధి తగ్గించండి. అన్‌రియల్‌లో స్టేషనరీ లైట్లు (చోటు మారకుండా, రంగు, వెలుగు మాత్రం మారగలవి) 4 కంటే ఎక్కువ ఒకేచోట కలిస్తే అదనపు లైట్ మీద ఎర్ర గుర్తు వస్తుంది. దాన్ని పట్టించుకోకుండా వదలొద్దు.

అన్నీ సరిగ్గానే ఉన్నాయి, కానీ ప్లేయర్ దారి తప్పుతున్నాడు

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. దీన్ని సరిచేసే సెట్టింగ్ ఏ మెనూలోనూ ఉండదు.

ఒకసారి పొడవాటి వరండా చేశాను. మూలలో ఉన్న విగ్రహం నాకు బాగా నచ్చి, మంచి లైట్ దానికే ఇచ్చాను. ఆడినవాళ్లంతా నేరుగా విగ్రహం దగ్గరికి వెళ్లి, చుట్టూ తిరిగి, ఏమీ దొరక్క ఆగిపోయారు. వెళ్లాల్సిన తలుపు పక్కనే నీడలో ఉంది. తలుపు మీద ఇంకో లైట్ పెట్టాను, అయినా మారలేదు. ఇప్పుడు పోటీపడే వెలుగులు రెండయ్యాయి, అంతే. చివరికి విగ్రహం లైట్‌ను సగానికి పైగా తగ్గించి, తలుపు చుట్టుపక్కల గోడను నీడలో ఉంచాక అందరూ తలుపువైపే నడిచారు. కన్ను వెలుగు మొత్తాన్ని చూసి కదలదు, పక్కనున్నదానితో తేడాను చూసి కదులుతుంది.

మీ సీన్‌లో ఇది తెలుసుకోవాలంటే స్క్రీన్‌షాట్ తీసి, రంగు తీసేసి, బొటనవేలంత చేయండి. ముందు కన్ను పడినచోటు మీరు అనుకున్నదేనా? బ్లాక్ అండ్ వైట్‌లో కూడా దారి తెలిస్తే, రంగులు సరిగ్గా గుర్తుపట్టలేని ప్లేయర్లకూ తెలుస్తుంది. ఆ తర్వాతే రంగు గురించి ఆలోచించండి. సుమారు 1,900 కెల్విన్ (వెలుగు రంగు కొలమానం) కొవ్వొత్తి వెచ్చదనం పక్కన 6,500 కెల్విన్ పగటి వెలుగు పెడితే, ఇంటెన్సిటీ తాకకుండానే తేడా వస్తుంది.

సినిమాలో కెమెరా మన చేతిలో ఉంటుంది, ఇక్కడ ప్లేయర్ చేతిలో ఉంటుంది. కాబట్టి గదిలోకి వచ్చే ప్రతి గుమ్మం నుంచీ, తిరిగి వెళ్లే వైపు నుంచీ కూడా స్క్రీన్‌షాట్ తీయండి. మార్పు చేశాక ముందు ఆడినవాళ్లతో మళ్లీ ఆడించొద్దు, వాళ్లకు దారి ఇప్పటికే తెలుసు. కొత్తవాళ్లను కూర్చోబెట్టి, ఏమీ చెప్పకుండా, వాళ్లు మొదట ఎటు తిరుగుతారో చూడండి.