రిఫరెన్స్ చూసి మనిషి బొమ్మ గీయడం: వరుస, కొలతలు, తప్పులు

ఫొటో ఎదురుగా పెట్టుకుని గీసినా బొమ్మ కొయ్యబారినట్టు వస్తుంటే చేయి తిరగలేదని నిరుత్సాహపడతారు చాలామంది. ఎక్కువసార్లు లోపం చేతిలో ఉండదు, గీసే వరుసలో ఉంటుంది. కంటి దగ్గరో చొక్కా బొత్తాం దగ్గరో మొదలుపెట్టి అంగుళం అంగుళం కిందికి దిగితే, మోకాళ్లు వచ్చేసరికి కాగితం అయిపోతుంది. అప్పుడు ఉన్న చోటులోనే కాళ్లు ఇరికిస్తాం, అవి కురచైపోతాయి. ముందు పోజు, తరవాత కొలతలు, ఆపైన ఎముకల నిర్మాణం, కండలు, చివరికి నీడ. ఈ వరుసలో మొదటి పది నిమిషాల్లో చేసిన తప్పును తరవాత ఎన్ని గంటలు షేడింగ్ చేసినా దిద్దలేం.

ఫొటో సరైనదేనా?

ఫోన్ ప్రధాన కెమెరాకు వెడల్పు లెన్స్ ఉంటుంది. మనిషికి మీటరు దూరంలో నిలబడి, మొహం ఎత్తున ఫోన్ పట్టుకుని తీస్తే తల పెద్దగా, కాళ్లు కిందికి సన్నబడుతూ పడతాయి. ఆ ఫొటో చూసి ఎంత కచ్చితంగా గీస్తే బొమ్మ అంత వింతగా వస్తుంది. మీరే ఫొటో తీసుకునేటట్టయితే కనీసం మూడున్నర, నాలుగు మీటర్లు వెనక్కి జరిగి, 2 రెట్లు జూమ్ పెట్టి, కెమెరాను పోజిచ్చే మనిషి నడుము ఎత్తులో ఉంచండి. వంకరను సరిచేసేది దూరమే. జూమ్ ఆ దూరం నుంచి ఫ్రేము నింపడానికి పనికొస్తుంది, అంతే.

వెలుగు ఒక్క వైపు నుంచే రావాలి. పక్కగా, కాస్త పైనుంచి, సుమారు 45 డిగ్రీల కోణంలో పడే కిటికీ వెలుగు గానీ, ఒకే ఒక్క దీపం గానీ చాలు. ఫ్లాష్ వేస్తే వెలుగు ఎదురుగా పడి నీడలన్నీ మాయమవుతాయి, ఏ భాగం ముందుకొచ్చిందో ఏది వెనక్కి వెళ్లిందో తెలియదు. రెండు మూడు దీపాలుంటే నీడలు ఒకదాన్నొకటి కోసుకుని గందరగోళం చేస్తాయి. చేతులు, పాదాలు ఫ్రేములో పూర్తిగా ఉన్న ఫొటోనే ఎంచుకోండి. మొదట్లో ఒంటికి అతుక్కునే బట్టలున్నవి మేలు. ఫ్యాషన్ ఫొటోల్లో నడుము సన్నబరచి కాళ్లు సాగదీయడం మామూలే కాబట్టి కొలతలు నేర్చుకునే దశలో వాటి జోలికి పోకండి.

ఇతరులు తీసిన ఫొటో మీద హక్కు సాధారణంగా తీసినవారిదే. ఇంట్లో అభ్యాసం చేసుకోవడం వేరు, దాన్ని చూసి గీసిన బొమ్మను అమ్మడమో ప్రదర్శించడమో వేరు. రెండోదానికి అనుమతి అడగాలి.

కూర్చునే తీరు

ఏ3 కాగితాన్ని అట్టకు బిగించి, అట్టను ఏటవాలుగా నిలబెట్టండి. ఫొటోను దాని పక్కనే, అదే ఎత్తులో పెట్టండి. కాగితాన్ని బల్ల మీద పరిచి గీస్తే పైభాగం కంటికి దూరంగా ఉండి కుదించినట్టు కనిపిస్తుంది. తెలియకుండానే దాన్ని సాగదీస్తాం. కాగితం నిలబెట్టి చూసేసరికి తల, భుజాలు పెద్దవై ఉంటాయి. తల పెద్దదిగా రావడానికి ఇదొక్కటే కారణం కాదు గానీ, ఇట్టే పోగొట్టుకోగల కారణం ఇదే.

తొలి గీతలకు హెచ్‌బి పెన్సిల్, నీడలకు అంతకంటే మెత్తగా, నల్లగా గీసే 2బి, 4బి పెన్సిళ్లు సరిపోతాయి. పెన్సిల్‌ను మొనకు దూరంగా పట్టుకుని భుజం నుంచి చేయి కదపండి. రాసేటప్పుడు పట్టుకున్నట్టు పట్టుకుంటే మణికట్టు తిరిగినంత మేరే గీత సాగుతుంది, అన్నీ ముక్కలు ముక్కలుగా వస్తాయి.

పోజు పట్టుకోవడం

పెద్ద బొమ్మకు ముందు చేయి సాగడానికి 30 సెకన్ల బొమ్మలు పది, ఒక నిమిషం బొమ్మలు ఐదు, రెండు నిమిషాల బొమ్మలు మూడు గీయండి. ఇక్కడ మొహం వద్దు, వేళ్లు వద్దు. తల నుంచి బరువు మోసే పాదం దాకా ఒంటి కదలిక ఎటు సాగుతోందో ఒక గీతలో చెప్పడం, భుజాల వాలుకు ఒక గీత, నడుము వాలుకు ఒక గీత వేయడం, అంతే పని. టైమర్ మోగగానే ఆపెయ్యాలి. ఇంకాస్త బాగుచేద్దామని ఆగితే అభ్యాసం ప్రయోజనమే పోతుంది, ఎందుకంటే ఇక్కడ నేర్చుకునేది ఏది వదిలేయాలన్నదే.

ఇప్పుడు అసలు బొమ్మ. మొట్టమొదట నడినెత్తి ఎక్కడో, పాదాల అడుగు ఎక్కడో కాగితం మీద రెండు గుర్తులు పెట్టండి. ఆ తరవాత వేసే ప్రతి గీతా ఆ రెంటి మధ్యే ఉండాలి.

కుడికాలి మీద బరువు వేసి, ఎదురుగా నిలబడ్డ మనిషి ఫొటో ఉందనుకోండి. ఆ కాలు నిటారుగా నేలను తంతుంది కాబట్టి అటువైపు నడుము ఎముక పైకి లేస్తుంది. ఎడమవైపు నడుము కిందికి జారుతుంది, ఎడమ మోకాలు వంగుతుంది. ఒళ్లు పడిపోకుండా ఉండాలంటే పైభాగం దీనికి విరుగుడుగా వంగాలి. అందుకే కుడి భుజం దిగుతుంది, ఎడమ భుజం లేస్తుంది. ఫలితంగా కుడి పక్కన పక్కటెముకలకూ నడుముకూ మధ్య చర్మం మడతలు పడుతుంది, ఎడమ పక్కన సాగుతుంది. ఆ మడతలున్న వైపు కురచగా, గీత విరిగినట్టు వేయండి. సాగిన వైపు ఒకే నిడుపాటి గీత లాగండి. బరువు ఎటుందో షేడింగ్ లేకుండానే తెలిసిపోతుంది. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో గ్రీకు శిల్పి పాలిక్లైటస్ చేసిన ఈటె పట్టిన వీరుడి విగ్రహంలో ఉన్నది సరిగ్గా ఈ నిలకడే. దాని పాలరాతి నకళ్ల ఫొటోలు అన్ని కోణాల నుంచీ దొరుకుతాయి, చూసి గీయడానికి అంతకంటే మంచి పాఠం అరుదు.

బరువు సరిగ్గా కూర్చుందో లేదో చూడటానికి మెడ కింది గుంట నుంచి సూటిగా కిందికి నిలువు గీత దించండి. బరువంతా కుడికాలి మీదే ఉంటే అది కుడి చీలమండ దగ్గరికి దిగాలి. రెండు కాళ్ల మీదా ఉంటే పాదాల మధ్యకు రావాలి. ఫొటోలో చీలమండ మీద దిగి, మీ బొమ్మలో పాదం బయటకు పోయిందంటే మనిషి ఒరిగిపోతున్నట్టే కనిపిస్తాడు. గోడకు ఆనుకున్నవారికీ, నడిచేవారికీ, పరిగెత్తేవారికీ ఈ లెక్క వర్తించదు.

కొలతలు

నిటారుగా నిలబడ్డ పెద్దవారి ఎత్తు సగటున ఏడున్నర తలలు. తల అంటే నడినెత్తి నుంచి గడ్డం కొస దాకా. వీరులనూ దేవతలనూ గీసేవారు ఎనిమిది తలలు తీసుకుంటారు, లెక్కకు కూడా ఎనిమిదే తేలిక: రెండో తల చివర చనుమొనలు, మూడో తల చివర బొడ్డు, నాలుగో తల చివర కాళ్ల చీలిక, ఆరో తల దగ్గర మోకాలి చిప్ప కింది అంచు. కాళ్ల చీలిక ఎత్తులో సుమారు సగం అన్నది ముఖ్యంగా గుర్తుంచుకోండి. చేతులు కిందికి వదిలేస్తే మోచేయి నడుము దగ్గర, మణికట్టు కాళ్ల చీలిక దగ్గర, వేలి కొసలు తొడ మధ్యకు వస్తాయి. అరచేయి, వేళ్లు కలిపి గడ్డం నుంచి నుదుటి పైభాగం దాకా ఉన్నంత పొడవు. పాదం పొడవు దాదాపు ముంజేయంత. పిల్లలకు ఇవేవీ పనికిరావు. ఏడాది బిడ్డ సుమారు నాలుగు తలల ఎత్తే ఉంటుంది.

ఇవి సరిచూసుకోవడానికే. ఎదురుగా ఉన్న మనిషికి కాళ్లు నిజంగానే కురచ కావచ్చు. ఫొటోకూ సూత్రానికీ తేడా వస్తే ఫొటోను కొలిచి, కొలతనే నమ్మండి.

కొలవడం ఎలాగంటే, ఫొటోలో తల ఎత్తును పెన్సిల్ మీద బొటనవేలితో గుర్తుపట్టి, అది ఒంట్లో ఎన్నిసార్లు పడుతుందో లెక్కపెట్టండి. మీ బొమ్మలోని తలతో అదే లెక్క చేయండి. మనిషే ఎదురుగా నిలబడితే మోచేయి పూర్తిగా చాచి, ఒక కన్ను మూసి కొలవాలి. మోచేయి కాస్త వంగినా కొలత మారిపోతుంది. వాలు గీతలకు పెన్సిల్‌ను ఆ వాలుకు ఆనించి, అది గడియారంలో ఎన్ని గంటలప్పటి ముల్లులా ఉందో చూసుకోండి. నడుము మీద చేయి పెట్టుకున్న పోజైతే చేతికీ ఒంటికీ మధ్య కనిపించే ఖాళీ త్రికోణాన్ని గీయండి. చేయి ఎలా ఉండాలో మనకు ముందే ఒక అభిప్రాయం ఉంటుంది, ఖాళీ గురించి ఏ అభిప్రాయమూ ఉండదు. అందుకే ఖాళీని ఉన్నదున్నట్టు చూస్తాం.

అంచుల వెనక ఏముంది

ఫొటో చూసి అంచు గీత మాత్రమే దింపుకుంటే బొమ్మ కత్తిరించిన అట్టముక్కలా ఉంటుంది. పక్కటెముకల గూడును కోడిగుడ్డు ఆకారంగా, కటి భాగాన్ని పెట్టెగా వేసి, రెండూ ఎటు వంగాయో ఎటు తిరిగాయో ముందు తేల్చుకోండి. చేతులు, కాళ్లు గొట్టాలు. గొట్టం మనవైపు వస్తోందో అవతలికి పోతోందో చెప్పేది దాని చుట్టూ వేసే అడ్డ వంపు గీత. గడియారం పట్టీ, చొక్కా చేతి అంచు ఆ వంపును ఫొటోలోనే చూపిస్తాయి.

మనిషి లావైనా సన్నమైనా చర్మం కిందే తగిలే ఎముకలు కొన్నున్నాయి: మెడ గుంట, కంఠం ఎముకల రెండు చివరలు, పక్కటెముకల కింది కమాను, నడుము ముందువైపు రెండు ఎముక మొనలు, మోకాలి చిప్ప, చీలమండలు. ఫొటోలో ముందు వీటిని వెతికి చుక్కలు పెట్టండి. బట్టలు కప్పేస్తే, బట్ట ఎక్కడ బిగుసుకుందో అక్కడే ఎముకో కండో ఉంటుంది.

కాలిని దగ్గరగా చూద్దాం. ఎదురుగా చూస్తే పిక్క బయటి ఉబ్బు పైన, లోపలి ఉబ్బు దానికంటే కింద ఉంటుంది. చీలమండ దగ్గరికొస్తే తిరగబడుతుంది: లోపలి ఎముక పైన, బయటిది కింద. మోకాలి పైన తొడలోనూ లోపలివైపు కండ కిందిదాకా జారి ఉంటుంది. అంటే కాలి రెండు అంచుల్లో ఉబ్బులు ఎక్కడా ఎదురెదురుగా రావు, ఏటవాలుగా వస్తాయి. మొదట్లో అందరూ రెండు వైపులా ఒకే ఎత్తులో ఉబ్బు వేస్తారు, కాలికి ప్రాణం పోయేది అక్కడే. ముంజేతికీ ఇదే చూపు పెట్టండి.

చేతివేళ్లు ఒక్కొక్కటిగా మొదలుపెట్టకండి. అరచేయి ఒక దిమ్మ, బొటనవేలు మొదలు ఒక విడి దిమ్మ, మిగతా నాలుగు వేళ్లూ కలిపి ఒకే ఆకారం. ఆ తరవాతే విడదీయాలి. కణుపులు సరళరేఖలో ఉండవు, విల్లులా వంగిన వరుసలో ఉంటాయి. చేయి వెనకనుంచి చూస్తే వేళ్లు పొడుగ్గా, అరచేతి వైపు నుంచి పొట్టిగా కనిపిస్తాయి. వేళ్ల మధ్య చర్మం అరచేతి వైపు పైదాకా సాగి ఉండటమే కారణం.

మనవైపు చాచిన చేయి, ముందుకు వచ్చిన మోకాలు అందరికీ కష్టమే. చేయి పొడుగ్గా ఉంటుందని మనసుకు తెలుసు, ఫొటోలో అది గుప్పెడంతే ఉంటుంది. అక్కడ మనసు మాట వినకుండా పొడవు, వెడల్పు రెండూ కొలిచి వేయండి. దగ్గరున్న భాగం గీత దూరమున్న భాగం గీతను అడ్డుకుని ఆపేయాలి. అంచులు కలిసిపోతే లోతు పోతుంది.

నీడలు

ఫొటోను నలుపు తెలుపులోకి మార్చి, కళ్లు సగం మూసి చూడండి. చిన్న వివరాలు మాసిపోయి వెలుగు ఒక ముద్దగా, నీడ ఒక ముద్దగా మిగులుతాయి. నీడ హద్దు సన్నగా గీసి, లోపలంతా ఒకే లేత బూడిద పూత నింపండి. బొమ్మ ఈ దశలోనే మనిషిలా కనిపించాలి. కనిపించకపోతే తప్పు కింది నిర్మాణంలో ఉంది, వెనక్కి వెళ్లి దిద్దుకోవాలి.

ఒంపు తిరిగే చోట నీడ అంచు మెత్తగా ఉంటుంది. గడ్డం మెడ మీద వేసే నీడలాంటిది గడ్డానికి దగ్గర పదునుగా, దూరం పోయేకొద్దీ మెత్తగా ఉంటుంది. నీడలో పక్కనుంచి తిరిగివచ్చిన వెలుగు కొంత కనిపిస్తుంది. అది ఎంత మెరుస్తున్నట్టున్నా, వెలుగు వైపున్న అతి ముదురు చోటు కంటే ముదురుగానే ఉంచాలి. దాన్ని తెల్లగా వదిలేస్తే చర్మం లోహంలా తయారవుతుంది. ఇక కెమెరా గురించి ఒక మాట: వెలుగూ నీడా బాగా తేడాగా ఉన్నప్పుడు అది నీడలను నల్లగా ముంచేస్తుంది. కంటికి కనిపించేంత నలుపు కాదది. ఫొటోలో నల్లగా ఉంది కదా అని 4బి పెట్టి పూడ్చకండి.

తప్పు పట్టుకోవడం

బొమ్మను అద్దంలో చూడండి, లేదా ఫోన్‌తో తీసి ఎడమ కుడులు తిప్పండి. అలవాటుపడ్డ కంటికి దొరకని వంకర వెంటనే దొరుకుతుంది. గీయడం పూర్తయ్యాక ఫోన్‌లో ఫొటోనూ బొమ్మనూ సగం పారదర్శకంగా ఒకదాని మీద ఒకటి పెట్టి, ఎక్కడెక్కడ తప్పిందో రాసుకోండి. సాధారణంగా కనిపించేవి ఇవే: తల పెద్దది, కళ్లు మరీ పైకి (అవి తల ఎత్తులో సగం దగ్గర ఉండాలి), చేతులు, పాదాలు చిన్నవి, మెడ నిట్టనిలువుగా. పక్కనుంచి చూస్తే మెడ ముందుకు వాలి ఉంటుంది. ఫొటో మీద కాగితం పెట్టి అంచులు దింపుకోవడం పోలికకు మాత్రం పనికొస్తుంది. దాంతోనే మొదలుపెడితే కొలిచే అలవాటు రాదు.

దింపుకోవడం నుంచి గీయడానికి దాటించేది తరవాతి పని. ఫొటో మూసేసి అదే పోజును జ్ఞాపకంతో మళ్లీ గీయండి. తెరిచి పోల్చండి. ఎక్కడ చేయి ఆగిందో, అక్కడ ఇందాక చూడకుండానే దింపేశారన్నమాట. ఆ ఒక్క భాగాన్నే మళ్లీ చూసి గీయండి. ఇది కుదిరాక అదే మనిషిని కొంచెం పక్కకు తిరిగినట్టు ఊహించి వేయండి. నడక, పరుగుల క్రమం తెలియాలంటే ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ 1880లలో వరుసగా తీసిన ఫొటోలున్నాయి. ఒక అడుగులోని దశలన్నీ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మారడం గీస్తూ నేర్చుకోవచ్చు.

ఒంటికి ఒక ఫొటో, చేతికి ఒకటి, మొహానికి ఒకటి కలిపేటప్పుడు మూడూ ఒకే ఎత్తు నుంచి, ఒకే వైపు వెలుగుతో తీసినవై ఉండాలి. వెలుగు తేడా అయితే నీడలు మీరే కొత్తగా వేసుకోవచ్చు. కెమెరా ఎత్తు తేడా అయితే ఆ ఫొటో వదిలేసి, అద్దం ముందు మీ చేయే పెట్టుకుని సరైన ఎత్తు నుంచి ఇంకోటి తీసుకోవడం తొందరగా తెమిలే పని. అద్దంలో కుడిచేయి ఎడమచేయిలా కనిపిస్తుందని మాత్రం మరవకండి.