అప్‌గ్రేడ్ చేసేముందు వెనక్కి వచ్చే దారి చూసుకోండి

గుంటూరు మిర్చి యార్డులో మా బావగారికి కమీషన్ దుకాణం ఉంది. అక్కడి లెక్కల కంప్యూటర్‌లో విండోస్‌కు బదులు ఓపెన్‌సూసే లీప్ అనే లినక్స్ సిస్టమ్ వేసింది నేనే, దాని మంచీచెడూ చూసేదీ నేనే. సీజన్‌లో దాని జోలికి పోను. కాటా అయ్యాక తక్‌పట్టీ, అంటే తూకం, సొమ్ము లెక్క రాసిచ్చే చీటీ, చేతికొస్తే గానీ రైతు ఊరికి బయల్దేరడు. అందుకే అప్‌గ్రేడ్ ఏదైనా ఆదివారమో, యార్డు సెలవుల్లోనో పెట్టుకుంటాను.

లీప్‌ను మామూలుగా ఇన్‌స్టాల్ చేస్తే సిస్టమ్ ఉండే రూట్ భాగం బీటీఆర్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ మీద ఉంటుంది. అది ఇచ్చే స్నాప్‌షాటే మన వెనక్కి వచ్చే దారి. స్నాప్‌షాట్ అంటే అందులో ఆ క్షణాన ఉన్న స్థితిని పట్టి ఉంచడం. ఫైళ్లన్నీ కాపీ అవ్వవు కాబట్టి క్షణంలో అయిపోతుంది. ఆ తర్వాత మారిన మేరకే చోటు పడుతుంది. అప్‌గ్రేడ్‌లో మారేది చాలా ఉంటుంది కనుక ముందు ఖాళీ ఎంతుందో చూడండి. ఫైళ్లు చెరిపినా పాత స్నాప్‌షాట్లు వాటిని పట్టుకునే ఉంటాయి. చోటు కావాలంటే స్నాప్‌షాట్లనే తీసెయ్యాలి.

ప్యాకేజీలు వేసే జిప్పర్ అనే కమాండ్‌తో వాటిని మార్చినప్పుడల్లా, స్నాప్‌షాట్లు చూసుకునే స్నాపర్ అనే ప్రోగ్రామ్ ముందొకటి, వెనకొకటి స్నాప్‌షాట్ తీస్తుంది. అవి కొన్నాళ్లకు వాటంతటవే పోతాయి. కాబట్టి నేను స్నాపర్ క్రియేట్ అని కొట్టి, వివరంలో తేదీతో సహా "అప్‌గ్రేడ్‌కి ముందు" అని రాసి ఒకటి విడిగా తీస్తాను. పాతవాటిని ఎప్పుడు చెరపాలో చెప్పే క్లీనప్ పద్ధతి ఇవ్వకుండా తీసింది మనం చెరిపేదాకా ఉంటుంది.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. ఆగకండి. రీస్టార్ట్ చేసి, మొదట్లో వచ్చే గ్రబ్ అనే బూట్ మెనూలో రీడ్ ఓన్లీ స్నాప్‌షాట్ అనే వరుసలోకి వెళ్లి, ఇప్పుడు తీసినదాన్ని ఎంచుకుని బూట్ చెయ్యండి. లాగిన్ అయి, ప్రింటర్‌లో ఒక కాగితం తీసి చూడండి. అన్నీ బాగుంటే మామూలుగా రీస్టార్ట్ చేస్తే చాలు, ఏమీ మారదు. బూట్ చేసి చూడని స్నాప్‌షాట్‌ను నేను లెక్కలోకి తీసుకోను. బూట్ ఫోల్డర్‌ను డిస్క్‌లో వేరే పార్టిషన్‌లో పెట్టుకున్నవాళ్లకు స్నాప్‌షాట్ నుంచి బూట్ కుదరదు, అది ఈ పరీక్షలోనే బయటపడుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. స్నాప్‌షాట్‌లోకి అన్నీ రావు. మన ఫైళ్లుండే హోమ్, ప్రోగ్రాముల డేటా ఉండే వార్ ఫోల్డర్లు వేరే సబ్‌వాల్యూమ్‌లు, అంటే రూట్ స్నాప్‌షాట్‌లో కలవని విడి భాగాలు. సిస్టమ్ వెనక్కి వెళ్లినా అవి వెళ్లవు. మన ఫైళ్లకు అది మంచిదే. కానీ మా లెక్కలుండే మరియాడీబీ అనే డేటాబేస్ ప్రోగ్రామ్ డేటా వార్‌లోనే ఉంటుంది. 2024లో లీప్ 15.5 నుంచి 15.6కు మారినప్పుడు నాకిది బాగా అర్థమైంది. కొత్త సిస్టమ్‌లో పట్టీలు కొట్టే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ కదలలేదు. ధైర్యంగా పాత స్నాప్‌షాట్‌లోకి బూట్ అయి, దాన్నే మళ్లీ అసలు సిస్టమ్‌గా చేసే స్నాపర్ రోల్‌బ్యాక్ కొట్టి, రీస్టార్ట్ చేశాను. ప్రింటర్ పలికింది, లెక్కలు తెరుచుకోలేదు. కొత్త మరియాడీబీ ఒకసారి తెరిచిన డేటాను పాతది ముట్టుకోనంది. సోమవారం పొద్దున్నే వినుకొండ రైతు గుమ్మంలో నిలబడ్డాడు. "ఏమ్మా, పట్టీ ఇంకా రాలేదా?" అని బావగారు రెండుసార్లు అడిగారు. నాకు చెమటలు పట్టాయి.

గట్టెక్కించింది కూడా స్నాపరే. రోల్‌బ్యాక్ చేసినప్పుడు అప్పటి సిస్టమ్‌ను కూడా అది ఒక స్నాప్‌షాట్‌గా దాచి ఉంచుతుంది. మళ్లీ గ్రబ్‌కి వెళ్లి ఆ కొత్త సిస్టమ్‌లోకే బూట్ అయ్యాను. స్నాప్‌షాట్‌లో మార్పులు కుదరకపోయినా వార్‌లో రాయడానికి వీలుంటుంది కాబట్టి మరియాడీబీ లేచింది. లెక్కల డేటాబేస్ ఒక్కదాన్ని పెన్‌డ్రైవ్‌లోకి డంప్ (వేరే చోట మళ్లీ ఎక్కించగలిగే పూర్తి నకలు) తీసి, పాత సిస్టమ్‌కి వచ్చి, డేటా ఫోల్డర్‌ను పక్కకు జరిపి, ఖాళీ డేటాబేస్ మొదలుపెట్టి అందులో ఎక్కించాను. పదకొండింటికి పట్టీ వచ్చింది.

అప్పట్నుంచి అప్‌గ్రేడ్‌కి ముందే డంప్ తీస్తున్నాను. తీసి ఊరుకోను, ఇంట్లో ఇంకో కంప్యూటర్‌లో ఎక్కించి చివరి పట్టీ నంబరు కనిపిస్తోందో లేదో చూస్తాను. డంప్ పెన్‌డ్రైవ్‌లో ఉంటుంది గానీ స్నాప్‌షాట్ సిస్టమ్ ఉన్న డిస్క్‌లోనే ఉంటుంది. డిస్క్ పోతే సిస్టమ్, స్నాప్‌షాట్ రెండూ పోతాయి.

మిగతాది తేలికే. ప్యాకేజీలు వచ్చే చోట్లయిన రిపాజిటరీలను కొత్త వెర్షన్‌కి మార్చి, ప్యాకేజీలన్నీ ముందు డౌన్‌లోడ్ చేసుకుని, అప్పుడు మొత్తం సిస్టమ్‌ను అప్‌గ్రేడ్ చేసే జిప్పర్ డప్ నడపండి. డెస్క్‌టాప్‌లో కాకుండా టెక్స్ట్ కన్సోల్‌లో నడిపితే మధ్యలో గ్రాఫిక్స్ ఆగిపోయినా పని ఆగదు. యూపీఎస్ బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో ముందే చూసుకోండి.

కొత్త సిస్టమ్‌లో రెండు వారాలు పట్టీలు సాఫీగా వచ్చాక, స్నాపర్ లిస్ట్‌లో నంబరు చూసి పాత స్నాప్‌షాట్‌ను తీసేస్తాను. పెన్‌డ్రైవ్‌లో డంప్ మాత్రం వచ్చే సీజన్ దాకా బావగారి గల్లాపెట్టెలోనే ఉంటుంది.