బ్లిస్సీ నిలబడట్లేదా? ఈవీలు మార్చే ముందు బూట్లు ఉన్నాయో లేదో చూడండి

మా శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి దగ్గర సాయంత్రాలు టీ తాగుతూ ఫోన్లలో షోడౌన్ (పోకెమాన్ పోరాటాల ఆన్‌లైన్ ఆట) ఆడే కుర్రాళ్లున్నారు. వాళ్లలో వారానికి ఒకడైనా వచ్చి "అన్నయ్యా, నా బ్లిస్సీ ఏటీ ఆగట్లేదు, తీసేసి ఇంకోటి పెట్టేద్దునా?" అని అడుగుతాడు. బ్లిస్సీ అంటే స్పెషల్ దెబ్బలు ఆపడానికి టీమ్‌లో పెట్టుకునే పోకెమాన్. నేను తిరిగి అడిగేది ఒక్కటే, ఓడిన ఆట రీప్లే చూశావా అని. చూడరు. నేచర్ (ఒక స్టాట్ పెంచి ఇంకోటి తగ్గించే స్వభావం) మార్చేస్తారు, ఈవీలు (స్టాట్‌లకి పంచే పాయింట్లు) మార్చేస్తారు, ఎవరిదో టీమ్ మొత్తం దించేసుకుంటారు, కానీ బ్లిస్సీ హెచ్‌పీ (ప్రాణం) ఏ టర్న్‌లో ఎంత పోయింది, ఎందుకు పోయింది అని ఒక్కసారి వెనక్కి తిప్పి చూడరు. అయిదు నిమిషాల పని. సగం రోగాలు అక్కడే దొరుకుతాయి.

ఇక్కడ చెప్పేదంతా స్కార్లెట్, వయొలెట్ ఆటలకి, లెవెల్ 100 సింగిల్స్‌కి. టైపులు, స్విచ్ చెయ్యడం లాంటివి మీకు వచ్చనుకునే రాస్తున్నాను. డబుల్స్ లెక్క వేరు, దాని జోలికి పోను.

ఒక్క ఫిజికల్ దెబ్బకే పడిపోతోంది

ముందు టీమ్ బిల్డర్ తెరిచి ఈవీలు అసలు నింపారో లేదో చూడండి. ఖాళీగా వదిలేసిన టీమ్‌లు నేను చాలా చూశాను. నింపినవాళ్లు కూడా "ఇది స్పెషల్ దెబ్బలు ఆపేది కదా" అనుకుని హెచ్‌పీకి 252, స్పెషల్ డిఫెన్స్‌కి 252 పెట్టేసి, ఫిజికల్ దెబ్బలు ఆపే డిఫెన్స్‌ని గాలికి వదిలేస్తారు. లెక్క చూడండి. బ్లిస్సీ బేస్ హెచ్‌పీ 255, బేస్ డిఫెన్స్ 10. ఈవీలు ఏమీ లేకపోతే హెచ్‌పీ 651, మొత్తం 252 పోస్తే 714. పదో వంతు కూడా పెరగలేదు. అదే 252 డిఫెన్స్‌లో పోసి, దాన్ని పెంచే బోల్డ్ నేచర్ పెడితే 56 ఉన్నది 130 అవుతుంది, ఇంతకుముందు 100 తగిలే దెబ్బ ఇప్పుడు 43 దగ్గర ఆగుతుంది. స్పెషల్ డిఫెన్స్ ఏ ఈవీలూ లేకుండానే 306 ఉంది, దానికి తొందరేం లేదు. కాబట్టి మొదటి 252 డిఫెన్స్‌కే, రెండో 252 మీ టీమ్‌ని బట్టి హెచ్‌పీకో స్పెషల్ డిఫెన్స్‌కో వెయ్యండి.

అంత చేసినా గ్రేట్ టస్క్ అనే పోకెమాన్ కొట్టే క్లోజ్ కంబాట్‌కి ఎదురు నిలబడదు. అది దాని పని కాదు కూడా.

స్పెషల్ దెబ్బకే పోయింది

సైషాక్ అయి ఉంటుంది. పేరుకి స్పెషల్ దెబ్బే, కానీ లెక్క కట్టేది మీ డిఫెన్స్ మీద. పైన చెప్పిన 130కి ఇది ఇంకో కారణం. సైకిక్ నాయిస్ తగిలితే మాత్రం దెబ్బకన్నా పెద్ద చిక్కు ఇంకోటి ఉంది, రెండు టర్న్‌లు హెచ్‌పీ నింపుకోనివ్వదు, హెచ్‌పీ సగం నింపే సాఫ్ట్ బాయిల్డ్ నొక్కినా పనిచెయ్యదు. ఆ దెబ్బ తిన్నాక బ్లిస్సీని అక్కడే కూర్చోబెట్టకండి, మార్చేయండి.

బ్లిస్సీకి హెచ్‌పీ నిండా ఉంది, ఆట మాత్రం పోయింది

ఇది బ్లిస్సీ బలహీనత వల్ల వచ్చిన ఓటమి కాదు, మీరు ఎదుటివాడికి ఊరికే ఇచ్చిన టర్న్‌ల వల్ల వచ్చింది. థండర్ వేవ్, సీస్మిక్ టాస్ ఈ రెండే పెట్టుకున్న బ్లిస్సీ ముందుకి గోల్డెంగో అనే పోకెమాన్ వచ్చిందనుకోండి, అది ఘోస్ట్ టైపు కాబట్టి సీస్మిక్ టాస్ తగలదు, దాని ఎబిలిటీ వల్ల థండర్ వేవ్ పడదు. మీరు రెండు బటన్లలో ఏది నొక్కినా ఒకటే, అది హాయిగా తన స్పెషల్ ఎటాక్ పెంచే నాస్టీ ప్లాట్ వేసుకుంటుంది. అది వచ్చిన వెంటనే ఎర్త్‌క్వేక్ ఉన్న టింగ్-లూ లాంటి దానికి మారిపోవాలి, ఒక్క టర్న్ కూడా ఆలోచించకూడదు.

సబ్‌స్టిట్యూట్ (తన హెచ్‌పీలో నాలుగో వంతు పెట్టి కట్టుకునే, తన బదులు దెబ్బలు తినే బొమ్మ) గురించి కూడా ఒక మాట. సీస్మిక్ టాస్ ఎప్పుడూ కచ్చితంగా 100 తీస్తుంది. 404 హెచ్‌పీ ఉన్న పోకెమాన్ కట్టిన సబ్‌స్టిట్యూట్‌కి 101 ఉంటుంది. ఆ ఒక్క పాయింట్ వల్ల ఒక్క దెబ్బకి విరగదు, వాడు కావాలనే ఆ 404 లెక్క వేసుకుని వస్తాడు. సబ్‌స్టిట్యూట్ వేస్తారనిపించే వాటి ముందు బ్లిస్సీని నిలబెట్టకండి.

ఏ దెబ్బా గట్టిగా తగల్లేదు, కానీ ఆట సగానికి వచ్చేసరికి బ్లిస్సీ ఖాళీ అయిపోతోంది

నేను రాయడం మొదలుపెట్టింది దీనికోసమే. ఇది నన్ను చాలా రోజులు ఏడిపించింది.

రథసప్తమికి అరసవల్లి దర్శనానికని మా మేనత్త వాళ్లు బొబ్బిలి నుంచి మా ఇంటికి వచ్చారు. మా బావ కూడా ఆడతాడు. ఆ రాత్రి డాబా మీద కూర్చుని అయిదు ఆటలు ఆడితే నాలుగు పోయాయి. నాలుగింట్లోనూ తీరు ఒకటే. మొదట్లో బ్లిస్సీ అన్నీ ఆపుతుంది, మధ్యలో ఎందుకో అలిసిపోతుంది, చివరికి మామూలు స్పెషల్ దెబ్బకి కూడా పడిపోతుంది. స్పెషల్ డిఫెన్స్ తక్కువైందేమో అనుకుని ఈవీలు అటూ ఇటూ మార్చాను. పోలేదు. నేచర్ మార్చాను. పోలేదు. "బావా, నీ బ్లిస్సీని అసలు నేను కొట్టనేలేదు, అదే వచ్చి అదే పోతోంది" అన్నాడు. ఆ మాట పట్టుకుని మర్నాడు పొద్దున్న రీప్లేలు టర్న్ టర్న్‌కీ ఆపి, పోయిన హెచ్‌పీ అంతా కాగితం మీద రాశాను.

నాలుగు ఆటల్లోనూ అయిదారు టర్న్‌ల లోపే నా బ్లిస్సీ ఒక నాక్ ఆఫ్, అంటే చేతిలో ఐటమ్ ఊడగొట్టే దెబ్బ, తిని ఉంది.

ఇది ఎందుకు కళ్లబడదో చెబుతాను. నాక్ ఆఫ్ బలం 65, చేతిలో ఐటమ్ ఉంటే ఒకటిన్నర రెట్లు. ఎటాక్ 200 ఉన్నది మామూలుగా కొడితే 130 డిఫెన్స్ ఉన్న బ్లిస్సీకి ఇంచుమించు 110 నుంచి 125 దాకా పోతుంది. 714లో అదెంత? మీ కళ్లు హెచ్‌పీ బార్ మీద ఉంటాయి, బార్ పెద్దగా కదల్లేదు, ఎదుటివాడు మారిపోయాడు, మీరు తర్వాత ఏం చెయ్యాలా అని ఆలోచనలో పడ్డారు. ఐటమ్ పోయిందన్న వాక్యం లాగ్‌లో పైకి జరిగిపోయింది. పోయిన ఐటమ్ ఏది? హెవీ డ్యూటీ బూట్స్, నేల మీద పరిచినవి గుచ్చుకోకుండా కాపాడేవి. అప్పటికింకా మీ వైపు నేల మీద ఏమీ పరచలేదు కాబట్టి బూట్లు ఉన్నా లేకపోయినా తేడా తెలియదు. పదో టర్న్‌లోనో పన్నెండో టర్న్‌లోనో వాడు స్టెల్త్ రాక్ (లోపలికి వచ్చేవాటిని గుచ్చే రాళ్లు) వేస్తాడు. దెబ్బ మొదలయ్యేది అప్పుడు. కారణం అయిదో టర్న్‌లో, నొప్పి పదిహేనో టర్న్‌లో ఉంటే ఆ రెండింటినీ కలిపి ఎవరు చూస్తారు? నేనూ చూడలేదు.

ఇప్పుడు లెక్క. బూట్లు లేని బ్లిస్సీ రంగంలోకి దిగిన ప్రతిసారీ స్టెల్త్ రాక్ ఎనిమిదో వంతు తీస్తుంది, 714లో 89. స్పైక్స్ (నేల మీద పరిచే ముళ్లు) ఒక్క పొర ఉంటే ఇంకో 89. శ్రీకాకుళం నుంచి నరసన్నపేట వైపు తిరిగే బండికి మడపాం టోల్‌గేట్ ఎలాగో ఇది అలాగ, పని ఉన్నా లేకపోయినా దాటినప్పుడల్లా కట్టాల్సిందే. రెండూ కలిపి ఒక్క రాకకి 178, రెండు రాకలకి 356. సాఫ్ట్ బాయిల్డ్ ఒక్కసారి నింపేది 357. అంటే రెండుసార్లు వచ్చి వెళ్తే చాలు, ఎవడూ చెయ్యి వెయ్యకుండానే ఒక సాఫ్ట్ బాయిల్డ్ మొత్తం నేలకే ధారపోసినట్టు. స్పైక్స్ మూడు పొరలైతే ఒక్క స్పైక్సే నాలుగో వంతు తీసుకుంటాయి.

పాత తరాల్లో అయితే సాఫ్ట్ బాయిల్డ్‌కి 16 పీపీ (ఎన్నిసార్లు వాడుకోవచ్చో ఆ లెక్క) ఉండేది, కొంత తట్టుకునేవాళ్లం. ఈ తరంలో దాన్ని, రికవర్, రూస్ట్ లాంటివాటినీ 8కి కోసేశారు. ఎదుట ప్రెషర్ ఎబిలిటీ ఉన్నవాడు నిలబడి ఉండగా మీరు కొట్టే దెబ్బలకైతే పీపీ రెండేసి చొప్పున పోతుంది. పాత అలవాటుతో ఆడేవాళ్లు సరిగ్గా ఇక్కడే మునిగిపోతారు. సాఫ్ట్ బాయిల్డ్ వేసుకున్న ప్రతి టర్నూ ఎదుటివాడికి ఇంకో స్పైక్స్ పొర వేసుకోడానికి ఖాళీ దొరికినట్టే. నాచురల్ క్యూర్ ఉంది కదా, పాయిజన్ పడితే లోపలికి పంపి మళ్లీ తెద్దాం అనే అలవాటు కూడా బూట్లు ఉన్నంతవరకే మంచిది, అవి పోయాక ప్రతి వైద్యానికీ టోల్ కట్టాలి.

మరి ఏం చెయ్యాలి?

ఆటలో నాక్ ఆఫ్ ఉండొచ్చనిపించే ఫిజికల్ వాటి ముందుకి బ్లిస్సీని పంపడం మానెయ్యండి. "స్పెషల్ వాడు వచ్చాడు కాబట్టి బ్లిస్సీ" అని కళ్లు మూసుకుని మార్చేది మొదటి అయిదారు టర్న్‌లలోనే, బూట్లు పోయేదీ అప్పుడే. నాక్ ఆఫ్ తినడానికి వేరే ఒకరిని ముందే అనుకుని పెట్టుకోండి. గ్రేట్ టస్క్ ఫైటింగ్ కూడా కాబట్టి డార్క్ దెబ్బ దానికి సగమే తగులుతుంది. స్టిక్కీ హోల్డ్ ఉన్న గాస్ట్రోడాన్ దగ్గర ఐటమ్ ఊడదు. ఓగర్‌పాన్ ముసుగు కూడా ఊడదు. వీళ్లలో ఒకరు టీమ్‌లో ఉంటే చాలా టెన్షన్ తగ్గుతుంది.

రెండోది, నేల శుభ్రం చేసేవాడు ఉండాలి, వాడు పని చెయ్యగలగాలి కూడా. కార్విక్‌నైట్‌కి డిఫాగ్ ఇచ్చి ఊపిరి పీల్చుకుంటారు, ఎదుట గోల్డెంగో ఉంటే ఆ డిఫాగ్ పడదు. గ్రేట్ టస్క్ రాపిడ్ స్పిన్ కూడా ఘోస్ట్‌కి తగలదు. కాబట్టి వాడి టీమ్‌లో గోల్డెంగో కనిపిస్తే ముందు దాన్ని దించే దారి చూసుకోవాలి, శుభ్రం తర్వాత. మీ గ్రేట్ టస్క్ స్పిన్ చేస్తుందని వాడు గోల్డెంగోని లోపలికి పంపే టర్న్‌లోనే ఎర్త్‌క్వేక్ కొట్టడం నాకు తెలిసినంతలో అన్నిటికన్నా మంచి దారి. తప్పితే తప్పుతుంది, కానీ ఒక్కసారి తగిలితే ఆట మీ వైపు తిరుగుతుంది.

బూట్లు పోయినట్టు తెలిశాక ఆడే పద్ధతే మార్చాలి. షోడౌన్‌లో మీ పోకెమాన్ బొమ్మ మీద వేలు నొక్కి పట్టుకుంటే ఐటమ్ ఉందో పోయిందో చూపిస్తుంది, ప్రతి నాలుగైదు టర్న్‌లకీ ఒకసారి చూడండి. ఐటమ్‌లు తారుమారు చేసే ట్రిక్, స్విచరూ తగిలినా బూట్లు పోతాయి, పైగా చేతిలోకి చాయిస్ స్కార్ఫ్ వచ్చి పడితే ఒకే దానికి కట్టేసినట్టవుతుంది, అది ఇంకా ఘోరం. పోయిందని తెలిసిన క్షణం నుంచి బ్లిస్సీ ఇంకెన్నిసార్లు రాగలదో లెక్క పెట్టుకోండి. రాక్, ఒక పొర స్పైక్స్ ఉండి హెచ్‌పీ 500 ఉంటే రెండుసార్లు రావచ్చు, మూడోసారి వస్తే రాగానే పోతుంది. ఆ రెండు రాకలూ ఎవరి కోసమో ముందే రాసిపెట్టుకోవాలి, వాడి టీమ్‌లో మీకు అందరికన్నా భయమైన స్పెషల్ దెబ్బగాడి కోసమే ఉంచాలి, చిల్లర వాటికి వేరేవాళ్లని పంపాలి. తేవాల్సి వచ్చినప్పుడు కూడా నెమ్మదిగా ఉండేది, కొట్టి మారిపోయే ఫ్లిప్ టర్న్‌తోనో యూ-టర్న్‌తోనో దాన్ని లోపలికి తెస్తే మంచిది. ఎదుటివాడి దెబ్బ ముందు వచ్చినది తినేస్తుంది, బ్లిస్సీ టోల్ ఒక్కటే కడుతుంది.

ఆ వారం మళ్లీ బావతో ఫోన్‌లో ఆడాను. ఈవీలు పాతవే, నేచర్ పాతదే, టీమ్‌లో మార్చింది ఒక్క గాస్ట్రోడాన్ మాత్రమే. బ్లిస్సీ బూట్లతోనే చివరి టర్న్ దాకా ఉంది.

"మరి చాన్సీ పెట్టుకుంటే?" అని అడుగుతారు. చాన్సీ అంటే బ్లిస్సీగా మారకముందు రూపం. దానికి ఇవియొలైట్ (ఇంకా ఎదగాల్సినవాటి రెండు డిఫెన్సులూ పెంచే ఐటమ్) తప్పదు, కాబట్టి దానికి బూట్లు మొదటి నుంచీ లేవు, ఇవియొలైట్ నాక్ ఆఫ్‌కి పోతే గోడే కూలిపోతుంది. నాక్ ఆఫ్ భయంతో అటు వెళ్లడంలో అర్థం లేదు.

క్రిటికల్ హిట్ పడి పోయిందంటారా, 24కి ఒకటి, అది ఎవరికైనా పడుతుంది, దానికోసం టీమ్ మార్చకండి. ఐస్ బీమ్ తిని గడ్డకట్టడం కూడా అంతే. నెట్ కట్ అయి టైమర్ అయిపోవడం మీ బ్లిస్సీకి సంబంధించింది కాదు.