ఫ్రెండ్స్‌తో యూరప్ ప్లాన్ చేస్తున్నారా, ముందు రాత్రులు లెక్కపెట్టండి

యూరప్ అనగానే అందరం మ్యాప్ తెరిచి ఊర్ల పేర్లు రాసేస్తాం, పారిస్, ఆమ్‌స్టర్‌డామ్, ప్రాగ్, వియన్నా, రోమ్ అని, పది పేర్లు అయ్యేసరికి ఇంక ప్లాన్ కదలదు. మన బరంపురంలోనే కాదు, ఇచ్ఛాపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు కూడా వాట్సాప్ గ్రూపులోనే ఆగిపోయిన ట్రిప్పులు బోలెడు. నేను చెప్పేదేటంటే ఊర్లు తర్వాత చూద్దాం, ముందు మనుషులు, డబ్బు, రాత్రులు తేల్చుకోండి.

గ్రూపులో ప్రతి ఒక్కరినీ రెండే అడగండి, లీవు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు దొరుకుతుంది, మొత్తం మీద ఎంతకి మించి పెట్టలేరు. అందరికంటే తక్కువ చెప్పినవాళ్ళ లెక్కే గ్రూపు బడ్జెట్, ఇందులో మొహమాటం వద్దు, అక్కడికెళ్ళాక ఒకరు హోటల్ దగ్గర నసుగుతుంటే మిగతావాళ్ళకీ బాగోదు. నలుగురైతే బెస్టు అని నా అభిప్రాయం, ఒక అపార్ట్‌మెంట్ సరిపోతుంది, ఒక టాక్సీలో పడతాం. తేదీలు వేసేటప్పుడు బరంపురంలో జరిగే ఠాకురాణి అమ్మవారి యాత్ర వచ్చే ఏడాదా కాదా చూసుకోండి, రెండేళ్ళకోసారి వచ్చే యాత్ర వదిలి ఎవరూ రారు. మే ఆఖరు, జూన్, సెప్టెంబరు బాగుంటాయి, జూన్‌లో పారిస్‌లో రాత్రి దాదాపు పది వరకు వెలుతురే.

ఇప్పుడు రాత్రులు. పదమూడు రాత్రులు ఉన్నాయనుకోండి, పారిస్ 3, స్విట్జర్లాండ్‌లో లుసెర్న్ 3, ఇక ఇటలీలో వెనిస్ 2, ఫ్లోరెన్స్ 2, రోమ్ 3, అయిపోయింది. ఇక్కడే ఎవరో ఒకరు ఆమ్‌స్టర్‌డామ్ ఒక్క రాత్రి పెడదాం, పారిస్ నుంచి ట్రైన్ మూడున్నర గంటలే కదా అంటారు. ట్రైన్ మూడున్నర గంటలే, కానీ పొద్దున్నే సామాను సర్దాలి, పదింటికి రూము ఖాళీ చేయాలి, స్టేషన్‌కి వెళ్ళాలి, దిగాక హోటల్ వెతకాలి, వాళ్ళు మూడింటికి గానీ రూము ఇవ్వరు, అంటే ఆ రోజు పోయినట్టే, మర్నాడు మళ్ళీ ఇదే తంతు. అందుకే రెండు రాత్రులకి తక్కువ ఏ ఊరూ పెట్టొద్దు, కొత్త ఊరు కావాలంటే ఉన్నవాటిలో ఒకటి తీసేయాలి అని ముందే రూలు పెట్టుకోండి.

ఫ్లైటు పారిస్‌లో దిగి రోమ్ నుంచి ఎక్కేలా మల్టీ సిటీ ఆప్షన్‌లో చూడండి, వెనక్కి పారిస్ రావడానికి ఒక రోజు, ఇంకో టికెట్టు దండగ అవ్వదు.

వీసాకి చాలామంది తికమకపడేది ఒకటే, దిగేది పారిస్ కాబట్టి ఫ్రాన్స్‌కే అప్లై చేయాలనుకుంటారు. కాదు, ఏ దేశంలో ఎక్కువ రోజులు ఉంటే ఆ దేశానికి. పై లెక్కలో ఇటలీ ఏడు రాత్రులు, కాబట్టి ఇటలీకి. రోజులు సమానమైతే మొదట దిగే దేశానికి. ఒకే వీసాతో తిరగగలిగే ఈ దేశాల గుంపుని షెంగెన్ అంటారు, అందులో 29 దేశాలున్నాయి, స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేకపోయినా ఇందులో ఉంది, లండన్ మాత్రం లేదు, దానికి వీసా వేరే. ఫీజు పెద్దవాళ్ళకి 90 యూరోలు, వీసా సెంటర్ సర్వీస్ ఛార్జీ అదనం. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోల కవరేజీ ఉండాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, అపాయింట్‌మెంట్ స్లాట్లు ఓ పట్టాన దొరకవు కాబట్టి కనీసం మూడు నెలల ముందే మొదలుపెట్టండి.

గ్రూపుగా వెళ్తున్నా వీసా ఎవరిది వాళ్ళదే. బ్యాంకు స్టేట్‌మెంట్, ఐటీఆర్, లీవు లెటర్ ఎవరివి వాళ్ళు పెట్టుకోవాలి, తిరిగే ప్లాన్ మాత్రం నలుగురి కవరింగ్ లెటర్లలోనూ తేదీలతో సహా ఒకేలా ఉండాలి. మనకి ఇంకో సంగతుంది, ఒకరిది ఒడిశా అడ్రసు, పక్కనే ఇచ్ఛాపురం వాళ్ళది ఆంధ్రా అడ్రసు, అందరూ ఒకే సెంటర్‌లో ఇవ్వొచ్చా లేదా అన్నది స్లాటు తీసే ముందే చూసుకోండి. భూమి పట్టా లాంటివి ఒడియాలో ఉంటే ఇంగ్లీషు ట్రాన్స్‌లేషన్ చేయించండి. ఇంటిపేరు పాస్‌పోర్టులో ఎలా ఉంటే టికెట్టు మీదా అలాగే ఉండాలి, పొడి అక్షరాలు వద్దు. వీసాలు చేతికొచ్చేవరకు హోటళ్ళు ఫ్రీ క్యాన్సిలేషన్‌వే తీసుకోండి, ఒకరికి రాకపోతే ఏం చేద్దాం అన్నది కూడా ముందే మాట్లాడేసుకోండి.

వీసా వచ్చాక ట్రైన్లు. పారిస్ నుంచి జ్యూరిక్ నాలుగు గంటలు, అక్కడినుంచి లుసెర్న్ గంట లోపే. అటునుంచి ఇటలీ వైపు వచ్చేటప్పుడు ఆల్ప్స్ కింద 57 కిలోమీటర్ల గొట్టార్డ్ టన్నెల్‌లోంచి మిలాన్ వస్తారు, వెనిస్‌కి అక్కడ మారాలి. ఫ్లోరెన్స్ నుంచి రోమ్ గంటన్నర. ఫాస్ట్ ట్రైన్లు ముందు బుక్ చేస్తే చవక, ఆఖర్లో రేటు బాగా పెరిగిపోతుంది. చవక ఫ్లైటు కనిపిస్తే ఎయిర్‌పోర్టు ఎక్కడుందో చూడండి, పారిస్ బోవే అని రాసుంటుంది గానీ అది పారిస్‌కి దాదాపు 80 కిలోమీటర్లు. కొలోసియం టికెట్లు పేరు మీద ఇస్తారు, గేటు దగ్గర పాస్‌పోర్టు అడుగుతారు. పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం మంగళవారం మూత, వాటికన్ మ్యూజియంలు నెలలో ఆఖరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు మూత. వెనిస్‌లో కార్లు లేవు, దాదాపు ప్రతి వంతెనకీ మెట్లే, పెద్ద సూట్‌కేసు తెచ్చినవాళ్ళు వాళ్ళే మోసుకోవాలి.

డబ్బు విషయానికొస్తే తలా 200 యూరోలు ఒక దగ్గర వేసి ఒకరి చేతికివ్వండి, తిండి, మెట్రో, టాక్సీ అన్నీ అందులోంచే, రాత్రి పడుకునే ముందు ఫోన్‌లో రాసేయండి. స్విట్జర్లాండ్‌లో యుంగ్‌ఫ్రౌ మంచుకొండ లాంటి ఖరీదైనవి ఎవరికి ఇష్టమైతే వాళ్ళు సొంత డబ్బుతో వెళ్ళాలి, రానివాళ్ళని బలవంతపెట్టొద్దు. ఏటీఎంలో రూపాయల్లో కట్ చేయమంటారా అని అడిగితే వద్దని యూరోలే నొక్కండి, లేకపోతే రేటు దారుణంగా వేస్తారు. స్విట్జర్లాండ్‌లో ఫ్రాంకులు, యూరప్ సిమ్ తీసుకునేటప్పుడు అక్కడ పనిచేస్తుందో లేదో అడగండి.

తిండి పట్టుకెళ్ళేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి, పాలతో, మాంసంతో చేసినవి బయటి దేశాల నుంచి తేనివ్వరు, అంటే నెయ్యి, కోవా, ఛెనాపోడ ఇంట్లోనే ఉంచాలి. పచ్చి కరివేపాకు కూడా వద్దు. మన బరంపురం అప్పడాలు, ఆవకాయ, కందిపొడి ఫరవాలేదు, ఆవకాయ సీల్ చేసిన ప్యాకెట్లో చెకిన్ బ్యాగులో పెట్టండి.

ఇక ఇక్కడినుంచి ఎయిర్‌పోర్టు చేరడం. భువనేశ్వర్ నుంచో వైజాగ్ నుంచో ఎక్కితే యూరప్ వరకు ఒకే పీఎన్ఆర్ మీద తీసుకోండి, మధ్యలో ఫ్లైటు లేటైతే వాళ్ళే వేరేది చూస్తారు. హైదరాబాద్ నుంచి ఫ్లైటైతే అక్కడికి కోణార్క్, విశాఖ ఎక్స్‌ప్రెస్‌లు ఉన్నాయి గానీ ఫ్లైటు రోజుకి చేరేలా కాదు, ఒక రోజు ముందు చేరేలా ఎక్కండి. అక్టోబరైతే రెండు రోజుల ముందు, 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ తుఫాన్లు రెండూ అక్టోబరులోనే మన తీరం మీద పడ్డాయి, ట్రైన్లు ఆగిపోయాయి.