నటుడి జీవితం రాయడం - 6వ పాఠం: అవార్డు ఏడాది గొడవ

పోయినసారి ఫ్రెంచి నటుడు మిషెల్ బూకే మీద ఒక పేరా రాయమన్నాను. వచ్చినవాటిలో సగం రేషన్ షాపు జాబితాల్లా ఉన్నాయి. తప్పు నాదే. "అన్నీ రాయండి" అన్నాను గానీ "ఏరి రాయండి" అనలేదు. ఒకరైతే పేరును "బౌక్వెట్" చేసేశారు. చివరి 'ట్' పలకరని నాలుగో పాఠంలోనే చెప్పుకున్నాం.

1925లో పారిస్‌లో పుట్టడం, 2022లో పోవడం మీకు మీరే రాయగలరు, వదిలేస్తున్నా. నాకు తలనొప్పి తెప్పించింది అవార్డు ఏడాది.

ఫ్రాన్స్‌లో సెజార్ అవార్డులు ముందు ఏడాది సినిమాలకు ఇస్తారు. తండ్రిగా బూకే నటించిన 'మా నాన్నను ఎలా చంపాను' 2001లో వచ్చింది, సెజార్ 2002లో. అధ్యక్షుడు మిత్తరాన్ చివరి రోజుల సినిమా 2005లో వచ్చింది, సెజార్ 2006లో. ఇది తెలియక చాలామంది "80 ఏళ్ల వయసులో మిత్తరాన్‌గా నటించారు" అని రాశారు. బూకే పుట్టింది నవంబర్‌లో. సినిమా విడుదలయ్యేనాటికే ఆయనకు 79. 80 నిండింది అవార్డు అందుకునేనాటికి. ఏడాది జారితే వయసూ జారుతుంది. మనకిది కొత్తేమీ కాదు: 'పుష్ప' 2021 సినిమా, అల్లు అర్జున్‌కి జాతీయ అవార్డు ప్రకటించింది 2023లో. అందుకే నా కాగితం మీద ఎప్పుడూ రెండు గడులుంటాయి, పని చేసిన ఏడాది, చేతికొచ్చిన ఏడాది. ఒక్క గడిలో ఇరికించిన పేరా నేనైతే చదవను.

ఇక ఏరడం. త్రుఫో, షాబ్రోల్ అనే ఫ్రెంచి దర్శకుల సినిమాల్లో బూకే వేషాలకు ఒక్క వాక్యం చాలు (షాబ్రోల్ అభిమానులు తిట్టుకోండి, పర్లేదు). ఇయొనెస్కో నాటకంలోని రాజు బెరాంజే దగ్గర మాత్రం ఆగండి. గంటన్నరలో, ఈ ఆట అయిపోయేసరికి చచ్చిపోతావని రాణి మార్గరీత్ అతని మొహమ్మీదే చెప్పేస్తుంది. రాజు నమ్మడు, ఆజ్ఞలు జారీ చేస్తాడు, వినేవాడుండడు. 70కి దగ్గరపడ్డాక, 1994లో, బూకే ఈ వేషం కట్టారు. మధ్యమధ్య విరామాలిస్తూ దాదాపు 20 ఏళ్లు, సుమారు 800 సార్లు ఆ రాజుగా చచ్చిపోయారు. 2005లో మొలియేర్ అవార్డు (ఫ్రాన్స్‌లో నాటకాలకిచ్చేది) కూడా ఈ వేషానికే.

మీ పేరా ఇక్కడ మొదలవ్వాలి. పుట్టుక, చదువు తర్వాత చూసుకోవచ్చు.

అన్నట్టు, అభ్యాసం. 1943లో, జర్మన్ల చేతిలో ఉన్న పారిస్‌లో, 17 ఏళ్ల బూకే ఆదివారం ప్రార్థనకని ఇంట్లోంచి బయల్దేరి, చర్చి మానేసి, పేరున్న నటుడు మోరిస్ ఎస్కాండ్ ఇంటి తలుపు తట్టాడు. ఆ తలుపు నుంచి ఈ రాజు దాకా 60 మాటల్లో రండి. ఏడాదులు రెండే వాడాలి. "సుదీర్ఘ ప్రస్థానం" అన్న మాట కనిపిస్తే చించేస్తా.